గోధుమ జిగురు: నోటిదారి, చర్మపుదారి

గుప్పెడు గోధుమపిండిని నీటితో గట్టిగా కలిపి, ముద్దచేసి, అరగంట నాననిచ్చి, పిదప సన్నని నీటిధార క్రింద మెల్లగా పిసుకుచు కడిగినచో నీరు పాలవలె తెల్లబడి జారిపోవును. ఆ తెలుపు పిండిపదార్థము, అనగా స్టార్చి. నీరు తేటపడువరకు కడుగగా చేతిలో మిగులునది బూడిదరంగు బంక. లాగిన సాగును, వదలిన ముడుచుకొనును, నీటిలో కరగదు. ఇటలీలోని బొలోన్యా నగరమున బెక్కారి అను ఆచార్యుడు 1728లో ఈ పనిని చేసి చూపెను. 1745లో ఆ వృత్తాంతము అచ్చుపడినది. ఈ బంక గుణములు మొక్కల పదార్థములకంటె జంతు పదార్థముల గుణములకే దగ్గరగా నుండుట ఆయనకు వింతగొలిపెను. నేటి మాటలలో చెప్పవలెనన్న అది మాంసకృత్తి. లాటిన్ భాషలో జిగురు అను అర్థము గల గ్లూటెన్ అను మాటయే దానికి పేరుగా నిలిచినది.

రొట్టె పొంగుటకును, పరోటా సాగుటకును ఈ జిగురే కారణము. కొన్ని దశాబ్దములుగా ఇది వంటయింటిని దాటి స్నానపుగదిలోనికిని, అద్దము ముందరి బల్లమీదికిని కూడ చేరినది. షాంపూలు, ముఖలేపనములు, పెదవిరంగులు, సబ్బులు మున్నగువానిలో గోధుమ మాంసకృత్తి చేర్చుట మామూలైనది. సిలియాక్ వ్యాధి కలవారికి ఇదియొక చిక్కు. గోధుమరొట్టె తునక వారి ప్రేగును గాయపరచును. మరి గోధుమ కలిసిన షాంపూ తలకు రాచుకొన్నను అట్లే జరుగునా? జరుగదన్నచో, పెదవిరంగు మాట యేమి? దీనికి సమాధానము చెప్పవలెనన్న గ్లూటెన్ ఏ దారిన శరీరమునకు హాని చేయునో ముందు తెలియవలెను. అది తెలియుటకు పట్టినకాలము తక్కువ కాదు.

ప్రాచీన కాలమున కప్పడోసియా దేశస్థుడగు అరెటేయస్ అను గ్రీకు వైద్యుడు, తిన్నది ఒంటబట్టక విరేచనములతో కృశించువారిని వర్ణించి, గ్రీకు భాషలో పొట్ట అను అర్థము గల మాటనుండి ఆ వ్యాధికి పేరు పెట్టెను. సిలియాక్ అను మాట అక్కడిది. 1888లో లండను వైద్యుడు శామ్యూల్ గీ ఈ వ్యాధిని పిల్లలలో చక్కగా పరిశీలించి వ్రాసెను. నయమగుట అంటూ జరిగినచో అది ఆహార నియమము వలననే జరుగవలెనని ఆయన దృఢాభిప్రాయము. ఆ మాట నిజమైనది. కాని ఏ ఆహారమన్న విషయమున ఆయన చీకటిలోనే తడవులాడెను. ఒక బాలునికి ప్రతిదినము క్వార్టు, అనగా లీటరుకు కొంచెము మించిన, హాలెండు మస్సెల్ గుల్లలు పెట్టగా ఆ కాలమంతయు వాడు చక్కగా కోలుకొనెను. గుల్లల ఋతువు గడచినతోడనే వ్యాధి తిరుగబెట్టెను. బియ్యము, సగ్గుబియ్యము ఈ పిల్లలకు పనికిరావని గీ అభిప్రాయము. రెండు వైపులను కాల్చిన పలుచని రొట్టెముక్క మాత్రము పెట్టవచ్చునట! అన్నము తిను ప్రాంతముల వారికి ఇది చదువగా నవ్వు వచ్చును. కాని ఆనాటి రొట్టె దేశములలో రొట్టెను శంకించుట ఎవరికిని తోచలేదు.

1924లో న్యూయార్కులో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యమును ప్రకటించెను. ఆయన చెప్పిన 10 మంది పిల్లలలో ఈ పథ్యము పొందిన 8 మంది కోలుకొనిరి. పొందని ఇద్దరు మరణించిరి. ఆ తరువాత చాల యేండ్లు సిలియాక్ పిల్లలకు అరటిపండే మందైనది. హాస్ తన పథ్యములో రొట్టెను, ధాన్యములను నిషేధించెను. పిల్లలను బ్రతికించినది పెట్టిన పండు కాదు, మానిపించిన రొట్టె. చికిత్స సరిగానుండి కారణము తప్పుగానుండుట వైద్యచరిత్రలో అరుదు కాదుగాని, దాని ఫలము ఇక్కడ కఠినముగానే ఉండెను: కోలుకొన్నారని తలచి రొట్టె తిరిగి పెట్టిన పిల్లలకు వ్యాధి మరల వచ్చుచుండెను.

రొట్టెను పట్టుకొన్నవాడు విల్లెమ్ కారెల్ డిక్కె. ఆయన హాలెండులోని హేగ్ నగరమున జూలియానా పిల్లల ఆసుపత్రి వైద్యుడు. 1936 ప్రాంతమున ఒక తల్లి ఆయనతో, తన బిడ్డకు రొట్టె మానిపించినప్పుడెల్ల ఒంటిమీది దద్దురు త్వరగా తగ్గుచున్నదని చెప్పినదట. మొదటి జాడ చర్మముమీదనే కనబడుట గమనింపదగినది. డిక్కె ఆ మాటను త్రోసివేయక గోధుమలేని పథ్యమును కొందరు పిల్లలకు పెట్టి చూడసాగెను. పిదప యుద్ధము వచ్చెను. 1944-45 శీతకాలమున జర్మను ఆక్రమణలోనున్న పడమటి హాలెండుకు ఆహారము రాకపోగా ప్రజలు తులిప్ పూల దుంపలు కూడ తినిరి. వేలమంది ఆకలితో మరణించిరి. ఊరంతయు శుష్కించిపోవుచుండగా సిలియాక్ పిల్లలు మాత్రము తేరుకొనిరి. రొట్టె తిరిగి దొరకినతోడనే వారికి వ్యాధి మరల వచ్చెను. డిక్కె ఈ విషయమును కరవులోనే కనిపెట్టెనని కొందరు వ్రాయుదురు. అది సరికాదు, అనుమానము ముందే ఉండెను, కరవు దానిని బలపరచెను.

1950లో యూట్రెక్టు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంత గ్రంథములో ఆయన తన పరిశోధనలను వివరించెను. వాన్ డె కామర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మలములోని క్రొవ్వును కొలుచు పద్ధతిని కల్పించియుండెను. ప్రేగు పాడైనచో తిన్న క్రొవ్వు ఒంటబట్టక బయటికి పోవును గనుక, ఏ ఆహారము పెట్టినప్పుడు క్రొవ్వు పెరుగునో, ఏది మాన్పినప్పుడు తగ్గునో లెక్కకట్టి చెప్ప వీలాయెను. 1952లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు గోధుమపిండిని రెండు భాగములుగా విడదీసి పిల్లలకు వేరువేరుగా పెట్టిరి. స్టార్చి హాని చేయలేదు. జిగురు హాని చేసెను. రెండు శతాబ్దములక్రిందట బెక్కారి నీటిధారతో గీచిన గీతయే రోగమునకును ఆరోగ్యమునకును నడిమి గీత అయినది.

ఇక హాని ఎచ్చట జరుగునన్నది. 1954లో పాలీ అను ఇంగ్లండు వైద్యుడు శస్త్రచికిత్స సమయమున తీసిన ప్రేగు ముక్కలలో మార్పును చూచెను. 1956లో మార్గట్ షైనర్, 1957లో క్రాస్బీ, కోత లేకుండ నోటిద్వారా గొట్టము పంపి చిన్నప్రేగు లోపొర ముక్కను తెచ్చు సాధనములను చేసిరి. ఆరోగ్యవంతుని చిన్నప్రేగు లోపల ముఖమల్ గుడ్డవలె సన్నని చూషకములుండును. ఆహారసారమును పీల్చునవి అవియే. ఈ రోగులలో అవి అరిగి చదునైయుండెను. గ్లూటెన్‌లోని గ్లయడిన్ అను భాగము ఎంజైములకు లొంగక, కొన్ని పొడవాటి తునకలుగా మిగిలిపోవును. అట్టి 33 ఎమైనో ఆమ్లముల తునకనొకదానిని 2002లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గుర్తించిరి. ప్రేగుపొరలోని ట్రాన్స్‌గ్లూటమినేజ్ అను ఎంజైము ఈ తునకలలోని గ్లూటమిన్‌ను గ్లూటమిక్ ఆమ్లముగా మార్చును. అట్లు మారిన తునకలను, కొన్ని ప్రత్యేక జన్యువులు గలవారి శరీరరక్షక కణములు శత్రువులుగా భావించి పోరాడును. ఆ పోరులో చిక్కి నలుగునది సొంత ప్రేగే. ఈ ఎంజైముపైననే రోగి రక్తమున ప్రతిరక్షకములు పుట్టునని 1997లో బెర్లిన్ శాస్త్రజ్ఞులు కనుగొనుటతో వ్యాధిని రక్తపరీక్షతో అనుమానించుట సులభమైనది.

దీనినిబట్టి చర్మమునకు ఇందులో పనిలేదని తోచును. అయితే చరిత్రలో మరియొక పాయ కలదు. 1884లో ఫిలడెల్ఫియాలో డ్యూరింగ్ అను చర్మవైద్యుడు, మోచేతులు, మోకాళ్లు, పిరుదులపై గుంపులుగా లేచి విపరీతముగా దురదపెట్టు పొక్కుల వ్యాధిని వర్ణించి డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అని పేరు పెట్టెను. ఎనభై రెండేండ్లు ఇది చర్మవైద్యుల సొత్తుగానే ఉండెను. 1966లో ఇంగ్లండులో మార్క్స్, షుస్టర్, వాట్సన్ అను మువ్వురు ఇట్టి రోగుల చిన్నప్రేగును పరిశీలింపగా సిలియాక్ వ్యాధిలోని మార్పులే కనబడినవి. 1969లో వాన్ డర్ మీర్ వీరి చర్మములో ఒక రకము ప్రతిరక్షకములు రవ్వలు రవ్వలుగా పేరుకొనియుండుట చూపెను. తరువాత గ్లూటెన్ లేని పథ్యముతో పొక్కులు తగ్గుట రుజువైనది. పొక్కు లేచునది చర్మముపై, దానికి విత్తు పడునది ప్రేగులో.

సరిగా ఇచ్చటనే పొరపాటునకు తావు కలిగినది. గ్లూటెన్ వలన చర్మవ్యాధి వచ్చును గనుక చర్మముపై రాసిన గ్లూటెన్ వలననే వచ్చునని చాలమంది అనుకొనిరి. ఇవి రెండును ఒకటి కావు.

బంకవంటి గోధుమ మాంసకృత్తి నీటిలో కరగదని పైన చెప్పబడినది. కరగనిదానిని షాంపూలో కలుపుట ఎట్లు? ఆమ్లముతో గాని ఎంజైములతో గాని దానిని చిన్న తునకలుగా విరుగగొట్టుదురు. ఇదియే జలవిశ్లేషణ. ఆ తునకలు నీటిలో కరగును, వెంట్రుకకు అంటుకొని పలుచని పొరగా నిలుచును, తేమను పట్టియుంచును. వెంట్రుక నునుపుగా, ఒత్తుగా కనబడును. ఖరీదు తక్కువ, పైగా మొక్కలనుండి వచ్చినదన్న పేరు. తయారీదారులకు ఇంతకంటె ఏమి కావలెను?

2011లో అమెరికాలోని ఒక వైద్యసభలో, పథ్యము చక్కగా పాటించు ఒక యువతికి ఒంటికి రాయు లేపనమొకటి వాడిన తరువాత దద్దురును, కడుపు బాధయు వచ్చి, దానిని మానగా తగ్గినవని వైద్యులు చెప్పిరి. ఈ వార్త రోగులలో కలవరము కలిగించెను. ఒక్క రోగి అనుభవము ఒక ప్రశ్నను లేవదీయగలదు గాని దానికి జవాబు కాజాలదు. చేతికి రాసుకొన్నది నోటికి పోవుట కద్దు. ఆరోగ్యముగా నున్న చర్మము మీదుగా గ్లూటెన్ తునకలు ప్రేగుకు హాని చేయునంతగా లోనికి పోవునని చూపిన ఆధారము లేదు.

ఇంతవరకు వచ్చి ఆగినచో కథ సులభముగా ముగియును. కాని అదే యేట, 2011లో, జపాను నుండి మరియొక వార్త వచ్చెను.

తేనీటి బిందువు అను అర్థము వచ్చు చా నో షిజుకు అను ముఖపు సబ్బు అచ్చట 2004 నుండి అమ్ముడుపోవుచుండెను. దానిని కొన్నవారు 46 లక్షలకు పైబడినవారు. నురుగు నిలుచుటకును, ముఖము మృదువగుటకును అందులో జలవిశ్లేషిత గోధుమ మాంసకృత్తిని నూటికి 0.3 వంతు చేర్చియుండిరి. నెలలు, సంవత్సరములు వాడిన స్త్రీలలో కొందరికి కనురెప్పలు వాచి, ముక్కు కారి, ముఖము దురదపెట్టసాగెను. అంతటితో పోలేదు. అంతకుముందు గోధుమ తిని హాయిగా నుండినవారు రొట్టెయో, సేమ్యావంటి నూడిల్సో తిని కొంచెము నడచినను, పనిచేసినను ఒళ్లంతయు దద్దురులేచి, ఊపిరాడక, రక్తపీడనము పడిపోయి స్పృహ తప్పిరి. ఉదయము ముఖము కడిగిన సబ్బునకును మధ్యాహ్నపు భోజనమునకును సంబంధమున్నదని ఎవరు తలచుదురు? 2011 మే నెలలో ఆ సబ్బును వెనుకకు తీసికొనిరి. అలెర్జీ వైద్యుల సంఘము 2014 నాటికి నిర్ధారించిన రోగుల సంఖ్య 2,111. వీరిలో మిక్కిలి ఎక్కువమంది స్త్రీలు.

ఇది సిలియాక్ వ్యాధి కాదు; గోధుమ అలెర్జీ. సిలియాక్ వ్యాధి రక్షకకణములు నెలల తరబడి ప్రేగుపై చేయు దాడి. ఇది మరియొక జాతి ప్రతిరక్షకముల పని, నిమిషములలో ముంచుకొని వచ్చును. ఆ సబ్బులోని మాంసకృత్తిని ఆమ్లములో వేడిచేసి తయారుచేసిరి. విరుగుట సరిగా జరుగక, 40,000 మొదలు 60,000 వరకు అణుభారము గల పెద్ద తునకలు మిగిలినవి. సబ్బు చర్మముపై జిడ్డుపొరను తొలగించును. కంటి, ముక్కు లోపొరలు మరింత పలుచన. దినమునకు రెండుమారులు ఆ పొరలగుండ పెద్ద తునకలు చొరబడి శరీరమునకు గోధుమపై శత్రుత్వము నేర్పినవి. ఇందులో ఒక విచిత్రము కలదు. ఆమ్లముతో కాచినప్పుడు గోధుమలోని గ్లూటమిన్ గ్లూటమిక్ ఆమ్లముగా మారినది. సిలియాక్ రోగి ప్రేగులో ఎంజైము చేయు మార్పును ఇచ్చట కర్మాగారమే చేసిపెట్టినది! రసాయనిక మార్పు ఒక్కటే. దారి వేరగుటతో వచ్చిన వ్యాధియు వేరైనది. ఐదేండ్లకు ముందే, 2006లో, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఇట్టి కేసులను కొన్నింటిని వెల్లడించిరి. ఆ హెచ్చరికను వినవలసినవారు వినలేదనియే చెప్పవలెను. సబ్బు మానిన తరువాత జపాను రోగులలో పలువురికి కాలక్రమమున ఈ శత్రుత్వము తగ్గినది.

సిలియాక్ రోగికి లెక్కింపవలసినది నోటిలోనికి పోవునది. 2007లో ఇటలీ దేశపు కటాసీ బృందము, పథ్యములోనున్న రోగులకు మూడు నెలలపాటు గుళికలలో గ్లూటెన్ నిచ్చి చూచిరి. దినమునకు 50 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నవారి చూషకములు దెబ్బతినినవి. 10 మిల్లీగ్రాముల గుంపులో స్పష్టమైన మార్పు తేలలేదు గాని, ఒకరికి మాత్రము వ్యాధి తిరుగబెట్టెను. అందరి శరీరములు ఒక్క తీరున ఉండవు. ఒక గోధుమరొట్టె ముక్కలో గ్లూటెన్ సుమారు 2 గ్రాములుండును, అనగా 50 మిల్లీగ్రాములన్న అందులో నలుబదియవ వంతు.

2019లో ఇటలీలోనే 66 దంతధావన, అలంకరణ వస్తువులను పరీక్షించిరి. వీనిలో 62 ఆహారమునకు విధించిన హద్దు, అనగా కిలోగ్రామునకు 20 మిల్లీగ్రాములకు లోబడి ఉండెను. దాటినవి నాలుగు: మూడు పండ్లపేస్టులు, ఒక పెదవిరంగు. పేస్టులో ఎక్కువలో ఎక్కువ 35 మిల్లీగ్రాములు; పెదవిరంగులో 27.4. విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. ఒక గ్రాము పేస్టునంతను మ్రింగినను లోనికి పోవునది 0.035 మిల్లీగ్రాము. 10 మిల్లీగ్రాములు పోవలెనన్న దాదాపు 285 గ్రాముల పేస్టు మ్రింగవలెను! పెదవిరంగు వాడువారు దినమునకు సగటున 24 మిల్లీగ్రాముల రంగును వాడుదురని 2013లో కాలిఫోర్నియాలో ఒక అధ్యయనము వాడిన అంచనా. అదంతయు కడుపులోనికే పోయినదనుకొన్నను ఆ పెదవిరంగులోని గ్లూటెన్ ఒక మిల్లీగ్రాములో వేయవ వంతు కూడ కాదు. గోధుమ మాంసకృత్తిని కావలెనని నూటికి ఒక వంతు కలిపిన రంగు అయినచో 0.24 మిల్లీగ్రాము అగును. ఇది ఒక్కటే ప్రమాదము కాదు. కాని అతిసూక్ష్మ మోతాదులకే బాధపడువారు, పథ్యము ఎంత పాటించినను రక్తపరీక్ష చక్కబడనివారు దీనిని కూడ లెక్కలో వేసికొని పెదవులకు, పండ్లకు వాడువానిని గోధుమలేనివిగా ఎంచుకొనుట మేలు. చేతి లేపనము వాడినవారు తినబోవుముందు చేతులు కడిగినచో చాలును. షాంపూ విషయమున భయమునకు కారణము కనబడదు.

చిన్నపిల్లల సంగతి కొంచెము వేరు. వారు దేనినైనను నోట బెట్టుకొందురు. బొమ్మలు చేయు రంగుల పిండిముద్దలలో గోధుమపిండి ఉండుట కలదు. బడిలో కాగితములు అతికించుటకు ఉడికించు మైదా జిగురు సరేసరి.

ముక్కుదారి కూడ కడపట నోటిదారిలోనే కలియును. పశువుల దాణా దుమ్మును పీల్చుచు పనిచేయు ఇద్దరు రైతులకు, పథ్యములో ఉన్నను, సిలియాక్ వ్యాధి తగ్గకపోవుటను 2007లో వైద్యులు ప్రకటించిరి. పీల్చిన దుమ్ములో కొంత గొంతులోనికి జారి కడుపులోనికి పోవును. మన సున్నిపిండి పెసలతో, శనగపిండి శనగలతో చేయబడునవి గనుక స్వతః గ్లూటెన్ లేనివే. కాని గోధుమలు ఆడిన పిండిమరలోనే వానిని ఆడించినచో గోధుమ దుమ్ము కలియకపోదు. ఆంధ్ర, తెలంగాణములలో ఈ జాగ్రత్త ఎందరికి అవసరమని అడుగవచ్చును. 2016లో ప్రకటింపబడిన ఒక పెద్ద అధ్యయనములో సిలియాక్ ప్రతిరక్షకములు ఉత్తర భారతమున నూటికి 1.23 మందిలోను, దక్షిణమున 0.10 మందిలోను కనబడినవి. జన్యువులలో ఇంత భేదము కానరాలేదు. ఉత్తరమున గోధుమ వాడకము చాల ఎక్కువ. రాత్రిపూట అన్నమునకు మారుగా చపాతీ తిను ఇండ్లు పెరుగుచున్న కాలమున ఈ అంకె ఇట్లే నిలుచునని చెప్పుటకు వీలులేదు.

జపాను అనుభవము తరువాత ఐరోపా సంఘము 2017లో ఒక నిబంధన చేసినది: అలంకరణ వస్తువులలో చేర్చు జలవిశ్లేషిత గోధుమ మాంసకృత్తి తునకల సగటు అణుభారము 3,500 మించరాదు. అంత చిన్న తునక అలెర్జీని రేపజాలదని నిపుణుల అభిప్రాయము. ఇది అలెర్జీని దృష్టిలో నుంచుకొని చేసినది. సిలియాక్ రోగుల కొరకు విధించిన 20 మిల్లీగ్రాముల హద్దు ఆహారమునకు సంబంధించినది. అందుచేత రోగికి మిగిలిన ఆధారము డబ్బామీది పదార్థముల పట్టిక. అందులో గోధుమ తరచు తన వాడుక పేరుతో గాక వృక్షశాస్త్రపు పేరుతో ఉండును: ట్రిటికం వల్గేర్ అన్నది గోధుమ, హార్డియం వల్గేర్ యవలు, సికేల్ సిరియేల్ రై ధాన్యము. అవీనా సటైవా ఓట్లు. వీనితో గోధుమ కలిసియుండుట సామాన్యము. టోకోఫెరాల్ అనునది విటమిన్ ఇ మాత్రమే. అది గోధుమ మొలకనూనెనుండి వచ్చినదైనను మాంసకృత్తి కాదు. గోధుమ పేరు ప్రక్కన జలవిశ్లేషిత అని ఉన్నచో అది పైన చెప్పిన తునకల మిశ్రమము. తునకల అణుభారమును మాత్రము డబ్బామీద సాధారణముగా ముద్రింపరు.